తప్పు పడే చోటు

కోసే పనిముట్టును ఎన్నుకునేటప్పుడు పదునును, సన్నదనాన్ని మొదట చూడాలన్న అభిప్రాయం ఎంత సహజమైనదో, వెంట్రుకవాసి కొలతల్లో జరిగే పనుల్లో అంతగా దారి తప్పించేది కూడా. ఎలక్ట్రానిక్ పరికరాలలోని సర్క్యూట్ బోర్డును ఇంటి దగ్గరే చిన్న యంత్రంతో చెక్కుకునే పని ఇందుకు మంచి ఉదాహరణ. సర్క్యూట్ బోర్డు అంటే విద్యుత్తు ప్రవహించని పలుచని పలక మీద రాగి రేకును అతికించి, ఆ రాగిలో అవసరమైన దారులను మాత్రమే మిగిల్చి, వాటి మీద విడిభాగాలను టంకం పెట్టిన ఫలకం. ఆ దారులను మిగిల్చే పద్ధతుల్లో ఒకటి, గిరగిరా తిరిగే బిట్టుతో ప్రతి దారి చుట్టూ సన్నని గాడి కోసి, దానిని పక్కనున్న రాగి నుంచి వేరుచేయడం. దీనినే మిల్లింగు అంటారు. ఏ బిట్టు వాడాలన్న ప్రశ్న పైకి కొలతల పట్టికకు సంబంధించినదిగా కనిపిస్తుంది కాని, నిజానికి అది పనిలో ఎలాగూ దొర్లబోయే తప్పు ఎక్కడ పడితే భరించగలమో ముందే తేల్చుకోవడానికి సంబంధించినది.

ఇటువంటి బోర్డు అవసరం పశ్చిమ ప్రకాశంలో ఊహించి చెప్పవలసినది కాదు. ముండ్లమూరు మండలంలో, దాని చుట్టుపక్కల దర్శి, పొదిలి ప్రాంతాల్లో, సాగర్ కుడి కాలువ నీరు అందని చేలకు బోరే ఆధారం, బోరుకు మూడు ఫేజుల మోటారే ప్రాణం. వ్యవసాయానికి కరెంటు వచ్చే వేళలు నిర్ణీతమైనవి కనుక, కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపించే ఆటో స్టార్టర్లు రైతులు పెట్టుకుంటారు. మోటార్లన్నీ ఒక్కసారిగా లేచి ట్రాన్స్‌ఫార్మరు మీద భారం వేస్తాయని విద్యుత్ శాఖ వారు ఎంత వద్దన్నా, అర్ధరాత్రి చేలోకి నడిచి వెళ్లే శ్రమ తెలిసినవారికి ఆ వాదం పెద్దగా రుచించలేదు. అయితే ఆటో స్టార్టరుకు నీరు ఉన్నదీ లేనిదీ తెలియదు. సబ్‌మెర్సిబుల్ మోటారు చుట్టూ ఉన్న నీటివల్లనే చల్లబడుతుంది, దాని బేరింగులు నీటితోనే జారుతాయి; వేసవిలో బోరులో నీటిమట్టం దిగిపోయాక అది ఉత్తగా తిరిగితే వైండింగు కాలిపోతుంది. పంపు ఎత్తవలసిన భారం తగ్గినప్పుడు మోటారు తీసుకునే కరెంటు కూడా తగ్గుతుంది కనుక, ఆ తగ్గుదలను కనిపెట్టి రిలేను పడగొట్టే చిన్న బోర్డు స్టార్టరు పెట్టెలో ఉంటే మోటారు బతుకుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు, అంటే సింగిల్ ఫేజింగులో, మిగిలిన రెండింటి మీద భారం పెరిగి మోటారు కాలకుండా కాపాడే బోర్డుదీ ఇదే వరస.

ఇటువంటి బోర్డును ఒక్కటంటే ఒక్కటి తయారు చేసుకోవడమే చిక్కు. ఫ్యాక్టరీకి ఫైలు పంపితే అందంగా చేసి పంపుతారు, ధర కూడా ఎక్కువేమీ కాదు, కాని పూతమీద ఉన్న మిరప చేను కొరియరు వచ్చేదాకా ఆగదు. పాలిటెక్నిక్ విద్యార్థులందరికీ తెలిసిన పాత పద్ధతిలో, దారులను చెరగని సిరాతో గీసి లేదా లేజర్ ప్రింటును ఇస్త్రీ పెట్టెతో రాగి మీదికి దింపి, మిగిలిన రాగిని ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో కరిగిస్తారు. ఆ ద్రావణం బట్టలకు అంటితే పోదు. వాడిన తరువాత రాగి కలిసిన ఆ నీళ్లను పారబోయడానికి మంచి చోటంటూ ఏ ఊళ్లోనూ లేదు, బోరే తాగునీరైన ఊళ్లో అసలే లేదు. మిల్లింగులో ద్రావణం లేదు, రంధ్రాలు కూడా అదే యంత్రం వేస్తుంది. అందుకు చెల్లించవలసిన మూల్యం బిట్లు.

యంత్రం గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. 300 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు గల బల్ల ఉండటం వల్ల 3018 అని పిలిచే చిన్న యంత్రాలు ఇంటి పనివాళ్ల దగ్గర ఎక్కువగా కనిపిస్తాయి. బిట్టును పట్టి తిప్పే భాగం స్పిండిల్. బిట్టు మొదలును బిగించి పట్టే చీలికల గొట్టం కొలెట్. ఈ తరహా యంత్రాల స్పిండిల్ నిమిషానికి సుమారు 10,000 చుట్లు తిరుగుతుంది. కైకాడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో గీసిన పటాన్ని ఫ్లాట్‌క్యామ్ వంటి మరొక ఉచిత సాఫ్ట్‌వేరు గాడి దారులుగా మార్చి ఇస్తుంది. ఆ మార్పిడి సమయంలో అది అడిగే మొదటి ప్రశ్న బిట్టు వెడల్పు ఎంత అని. సమస్యంతా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఎక్కువమంది వాడే బిట్టుకు ఒక వెడల్పంటూ ఉండదు.

ఆ బిట్టు వి-బిట్, అంటే కొన వైపు శంకువులా సన్నబడి, చివర 0.1 లేదా 0.2 మి.మీ. చదును మొన మిగిలే పనిముట్టు. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు కంటే కొంచెం ఎక్కువ. దానిని దాటి కాస్త పలకలోకి దిగితే చాలు, దారి వేరుపడుతుంది. కాని శంకువు లోతుకు దిగిన కొద్దీ గాడి పైభాగంలో వెడల్పవుతుంది. మొన వెడల్పుకు, లోతును శంకువు సగం కోణపు టాంజెంటుతో గుణించి రెట్టింపు చేసిన మొత్తాన్ని కలిపితే గాడి వెడల్పు వస్తుంది. 30 డిగ్రీల బిట్టు, 0.1 మి.మీ. మొన, 0.1 మి.మీ. లోతు అనుకుంటే గాడి సుమారు 0.15 మి.మీ. అవుతుంది, అదే లోతులో 60 డిగ్రీల బిట్టు 0.22 మి.మీ. దాకా తీస్తుంది. లోతు 0.2 మి.మీ. అయితే మొదటిది 0.21, రెండవది 0.33 అవుతాయి. పెట్టె మీద 0.1 అని చూసి సాఫ్ట్‌వేరుకు 0.1 అనే చెప్పినవారి బోర్డులో దారులన్నీ అనుకున్నదానికంటే సన్నబడి, రంధ్రం చుట్టూ టంకం కోసం ఉంచే రాగి బిళ్లలు, అంటే ప్యాడ్లు, అరిగిపోయి వస్తాయి. దీనికి తోడు చవక బిట్ల మొనలు పెట్టె మీద రాసినంత కచ్చితంగా ఉండవు. పనికిరాని ముక్క మీద ఒక గీత కోసి, దానిని భూతద్దం కింద కొలిచి, ఆ కొలతనే సాఫ్ట్‌వేరుకు ఇవ్వడం అనుభవజ్ఞుల పద్ధతి. పట్టికలన్నింటి కంటే ఆ ఒక్క గీత నమ్మదగినది.

లోతు తనంతట తాను స్థిరంగా ఉంటే ఈ లెక్క ఒకసారి వేసుకుంటే సరిపోయేది. రాగి పలక ఎప్పుడూ సమతలంగా ఉండదు. కత్తిరించిన అంచు దగ్గర కొంచెం లేస్తుంది, బిగించిన చోట కొంచెం వంగుతుంది, కింద పెట్టిన చెక్క వానాకాలం తేమకు ఉబ్బుతుంది. పలకలో 0.1 మి.మీ. ఎత్తుపల్లం ఉందనుకుంటే, 60 డిగ్రీల బిట్టు గాడి వెడల్పులో సుమారు 0.115 మి.మీ. తేడా చూపిస్తుంది, 30 డిగ్రీలది 0.054, 10 డిగ్రీలది 0.0175 మాత్రమే. ఇంతవరకూ వినగానే 10 డిగ్రీల బిట్టే మేలనిపించడం సహజం. అయితే కోణం తగ్గేకొద్దీ మొన వెనుక ఉండే కండ తగ్గుతుంది, 0.1 మి.మీ. మొన గల 10 డిగ్రీల బిట్టు రాగిని తాకిన మొదటి క్షణంలోనే విరగడం, విరిగిన సంగతి తెలియకుండానే మిగిలిన బోర్డంతా మొద్దు కొనతో గీకడం ఈ పనిలో చాలా మామూలు సంఘటన. అందుకే చాలామంది పనివాళ్లు 20 లేదా 30 డిగ్రీల దగ్గర, 0.2 మి.మీ. మొన దగ్గర స్థిరపడతారు. ఎత్తుపల్లాలను తట్టుకోవడానికి, బిట్టుకు ఒక తీగ, రాగికి మరొక తీగ తగిలించి, బోర్డు మీద గళ్లుగళ్లుగా అనేక చోట్ల మొన తాకే ఎత్తును ముందే కొలిచి, ఆ పటం ప్రకారం కోతను పైకీ కిందికీ సర్దే పద్ధతి ఉంది. దీనిని ఆటో లెవెలింగు అంటారు. వి-బిట్‌తో పని చేసేవారికి ఇది తప్పనిసరి.

వి-బిట్‌కు ప్రత్యామ్నాయం నిట్టనిలువు గోడలు గల ఎండ్ మిల్, అంటే కొన నుంచి పైదాకా ఒకే వెడల్పు ఉండే బిట్టు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ ప్రారంభించిన ఫ్యాబ్ ల్యాబుల సంప్రదాయంలో విద్యార్థులు సర్క్యూట్ బోర్డులు చెక్కేది ఇటువంటి బిట్టుతోనే: గాడులకు అంగుళంలో 64వ వంతు, అంటే సుమారు 0.4 మి.మీ. బిట్టు, చుట్టూ అంచు కోయడానికి 32వ వంతు బిట్టు. ఆ ల్యాబుల వరసలో తొలిదశలోనే వచ్చినవాటిలో ఒకటి 2002లో మహారాష్ట్రలోని పాబళ్ అనే పల్లెలో, విజ్ఞాన ఆశ్రమంలో మొదలైందన్న సంగతి, ఇది నగరపు ప్రయోగశాలలకే తగిన విద్య అనుకునేవారు గుర్తుంచుకోదగినది. నిలువు బిట్టుతో లోతు మారినా గాడి వెడల్పు మారదు, పలక 0.1 మి.మీ. వంగినా, ఆ వంపుకు సరిపడా కొంచెం లోతుగా కోస్తే సరిపోతుంది. కాని వెడల్పు తగ్గేకొద్దీ దాని బలం మరీ వేగంగా పడిపోతుంది. గుండ్రని కడ్డీ వంగకుండా నిలబడే గుణం వ్యాసపు నాలుగో ఘాతాన్ని, విరగకుండా నిలిచే గుణం మూడో ఘాతాన్ని అనుసరిస్తాయి కనుక, 0.4 నుంచి 0.2 మి.మీ.కి దిగితే బిట్టు వంగడం పదహారు రెట్లవుతుంది, విరగడానికి ఎనిమిదో వంతు బలం చాలు.

ఇప్పుడు ఎంపిక స్వరూపం కొంత స్పష్టమవుతుంది. వి-బిట్ లోతులోని తప్పును వెడల్పులోకి తెచ్చి చూపిస్తుంది, కాని తాను నిలబడుతుంది. నిలువు బిట్టు ఆ తప్పును మింగి బోర్డును కాపాడుతుంది, కాని వేగం కాస్త ఎక్కువైతే తాను విరుగుతుంది, పైగా దాని వెడల్పు కంటే ఇరుకైన సందులోకి అసలు దూరలేదు. మోటారు రక్షణ బోర్డులో వాడే ఎల్ఎం324 వంటి సాధారణ ఐసీ కాళ్ల మధ్య దూరం 2.54 మి.మీ.; 1.6 మి.మీ. ప్యాడ్లు పెట్టినా మధ్యలో 0.9 మి.మీ. పైగా సందు ఉంటుంది కనుక 0.4 మి.మీ. బిట్టు దర్జాగా తిరుగుతుంది. కాళ్లు 1.27 మి.మీ. దూరంలో ఉండే ఉపరితల ఐసీకి కూడా అది చాలు. 0.5 మి.మీ. దూరం కాళ్ల చిప్పుకు మాత్రం వి-బిట్ తప్ప దారి లేదు. అటువంటి చిప్పును స్టార్టరు పెట్టెలో పెట్టాలన్న ఆలోచననే మానుకోవడం మరొక దారి, బహుశా మెరుగైన దారి. రూపకల్పన చేసేవారు బిట్టును బట్టి విడిభాగాలను ఎన్నుకోవడాన్ని ఓటమిగా భావించనవసరం లేదు.

పలక ఏదన్నది తేలకుండా బిట్టును ఎన్నుకోలేము. కాగితపు పొరలను ఫినాలిక్ జిగురుతో తడిపి ఒత్తిన పలక ఎఫ్‌ఆర్-1. హైదరాబాదులో తయారైన హైలం షీట్ల పేరుతోనే మన ఎలక్ట్రీషియన్లు ఈ జాతి పలకలను పిలుస్తారు. గాజు నూలు గుడ్డను ఎపాక్సీ జిగురుతో ఒత్తినది ఎఫ్‌ఆర్-4. మొదటిది మెత్తగా, వెన్నలా తెగుతుంది. రెండవదానిలోని గాజు ప్రతి చుట్టులోనూ బిట్టు అంచును అరగదీస్తుంది. ఈ తేడాను వివరించడానికి ప్రకాశం నేల మీదివే రెండు రాళ్లు చాలు: పొరలు పొరలుగా ఏర్పడిన మార్కాపురం పలకరాయి పల్చని ఉలికి పొర వెంట విడిపోతుంది, వ్యాపారులు గ్రానైట్ అంటున్నా భూగర్భశాస్త్రం గాబ్రో వర్గంలో చేర్చే చీమకుర్తి గెలాక్సీ రాయి ఏ వైపునుంచీ అలా విడిపోక వజ్రపు పళ్లు గల రంపాలనూ తీగలనూ కోరుతుంది. ఎఫ్‌ఆర్-4కు వజ్రం దాకా వెళ్లనవసరం లేదు, టంగ్‌స్టన్ కార్బైడ్ చాలు. సాధారణ హైస్పీడ్ స్టీలు బిట్టు మాత్రం కొన్ని పదుల రంధ్రాలకే మొద్దుబారుతుంది.

టంగ్‌స్టన్ కార్బైడ్ చరిత్ర కూడా వజ్రంతోనే ముడిపడింది. బల్బు ఫిలమెంటు తీగను సన్నగా లాగడానికి వజ్రపు అచ్చులు వాడవలసి రావడం ఖరీదై, బెర్లిన్‌లోని ఓస్రాం సంస్థలో కార్ల్ ష్రోటర్ 1923లో టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువులను కోబాల్టుతో అతికించి కాల్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు; ఆ తరువాత క్రుప్ సంస్థ దానికి 'వజ్రంలాంటిది' అన్న అర్థం వచ్చేలా విడియా అని పేరు పెట్టి అమ్మింది. ఈ పదార్థం ముండ్లమూరు రైతుకు కొత్తది కాదు. బోరు లారీ వచ్చి రాతిలో వందల అడుగులు దిగేటప్పుడు, సుత్తి కింద రాయిని పిండి చేసే బిట్టు ముఖం మీద గుండీల్లా కనిపించేవి ఈ కార్బైడ్ బుడిపెలే. అక్కడ అంత దెబ్బను ఓర్చుకునే పదార్థం ఇక్కడ చిటికెన వేలి తాకిడికే విరగడం వింతగా తోస్తుంది. నొక్కుడును భరించడంలో కార్బైడ్‌కు సాటి వచ్చేవి తక్కువ, వంపును భరించడంలో అది గాజుకు దగ్గర. బోరు బుడిపె మీద పడేది నొక్కుడు, వెంట్రుకంత బిట్టు మీద పడేది వంపు. కార్బైడ్ డ్రిల్ బిట్టును చేతి డ్రిల్లులో పెట్టకూడదనడానికి కారణం ఇదే. చేయి కొంచెం పక్కకు ఒరిగినా స్టీలు బిట్టు వంగి ఊరుకుంటుంది, కార్బైడ్ విరుగుతుంది. కనుక చేత్తో రంధ్రాలు వేసేవారు స్టీలును, దాని మొద్దుబారడంతో సహా, ఒప్పుకోవాలి. యంత్రంతో వేసేవారు కార్బైడ్‌నే కొనాలి. 0.8 మి.మీ. బిట్టు మామూలు విడిభాగాలకు, 1 మి.మీ. కనెక్టరు పిన్నులకు సరిపోతాయి, లావు కాళ్ల రిలేలకు మరికొంత పెద్దది కావాలి. పెద్ద ఫ్యాక్టరీలు వాడి, మళ్లీ సానబట్టించి వదిలించుకున్న బిట్లు రంగురంగుల ఉంగరాలతో చవకగా దొరుకుతాయి. ఇంటి పనికి అవి బాగానే సరిపోతాయి.

విరిగిన బిట్లలో ఎక్కువ భాగం నాణ్యత లేక కాక, సరిగా కేంద్రంలో తిరగక విరుగుతాయి. స్పిండిల్ లేదా కొలెట్ లోపం వల్ల బిట్టు కేంద్రం నుంచి 0.05 మి.మీ. తప్పితే గాడి 0.1 మి.మీ. వెడల్పెక్కుతుంది, రెండు కోత అంచుల్లో ఒకటే పని చేస్తుంది, ప్రతి చుట్టులోనూ బిట్టు పక్కకు గుంజబడుతుంది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరుసగా భూమి స్వల్పంగా కంపించినప్పుడు జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు; ఇంట్లోని యంత్రం నిమిషానికి పదివేలసార్లు కంపిస్తున్నా దానిని పట్టించుకునే పనివాళ్లు అరుదు. ఖరీదైన బిట్ల పెట్టె కంటే మంచి కొలెట్ మీద పెట్టిన ఖర్చు ముందు ఫలిస్తుంది. వేగం సంగతి కూడా ఇంతే. ఫ్యాక్టరీ స్పిండిళ్లు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతాయి కనుక వాటి వేగాలను చూసి మురియడం వృథా. రెండు అంచుల 0.4 మి.మీ. బిట్టు ఒక్కో అంచుతో మిల్లీమీటరులో నూరో వంతు మందం పొట్టు తీయగలదనుకుంటే, 10,000 చుట్లకు నిమిషానికి 200 మి.మీ. నడక వస్తుంది; అందులో సగంతో మొదలుపెట్టడం వివేకం. మరీ నెమ్మదిగా నడిపినా చిక్కే, కోయవలసిన అంచు రుద్దడం మొదలుపెట్టి, వేడెక్కి, రాగి అంచుల వెంట ముళ్లు లేపుతుంది.

ఎఫ్‌ఆర్-4 నుంచి రేగే గాజు ధూళి గురించి ఒక మాట అవసరం. ఈ గాజు స్ఫటిక రూపంలోని సిలికా కాదు కనుక రాతి ధూళితో వచ్చే సిలికోసిస్‌తో దీనిని నేరుగా పోల్చడం సరికాదు, కాని చర్మాన్నీ కళ్లనూ గొంతునూ మండించే సన్నని పోగులు అందులో ఉంటాయి. మూతికి మాస్కు, పక్కన వాక్యూమ్ గొట్టం ఉంచుకోకుండా ఆ పలకను కోయకూడదు. పొట్టును నోటితో ఊదడం అసలే కూడదు. ఈ ఒక్క కారణంతోనే చాలామంది ఎఫ్‌ఆర్-1కు మొగ్గుతారు, తక్కువ వోల్టేజీ బోర్డులకు ఆ మొగ్గు సరైనదే.

మోటారు బోర్డు మాత్రం తక్కువ వోల్టేజీ బోర్డు కాదు, సన్నని గాడి మీద మోజు నిజంగా ప్రమాదకరమయ్యేది ఇక్కడే. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు అని చెప్పుకున్నా, ఆ తరంగపు శిఖరం సుమారు 587 వోల్టులు. పొడి గాలి మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టులు ఆపుతుందన్న మోటు లెక్క వేసుకున్నా 0.15 మి.మీ. గాడి ఆపగలిగేది 450 మాత్రమే. రాగి పొడి, చీమలు, చేలోని తేమ ఇందులో ఇంకా కలపలేదు. సన్న గాడితో వేరుచేసే పద్ధతిలో దారుల మధ్య అనవసరమైన రాగి ద్వీపాలుగా మిగిలిపోతుంది కనుక, చూపుకు దూరంగా ఉన్న రెండు దారులు విద్యుత్తుకు రెండు చిన్న గాడుల దూరంలోనే ఉంటాయి. అందువల్ల ఎక్కువ వోల్టేజీ ఉన్న భాగంలో 6 నుంచి 8 మి.మీ. దాకా రాగిని పూర్తిగా తొలగించాలి. ఆ పని 0.1 మి.మీ. మొనకు పెడితే తెల్లవార్లూ గీకుతూనే ఉంటుంది, 1 లేదా 2 మి.మీ. నిలువు బిట్టు కొద్ది నిమిషాల్లో తేల్చేస్తుంది. ఒకే బోర్డుకు రెండు బిట్లు, మధ్యలో ఒకసారి మార్పు అన్నమాట. కాగితపు పలక తేమను పీల్చుకుంటుంది కనుక ఈ బోర్డుకు ఎఫ్‌ఆర్-4నే, దాని ధూళితో సహా, ఎన్నుకోక తప్పదు. రిలే స్విచ్చు కాళ్లకూ ఐసీ వైపు దారులకూ నడుమ పలకనే అడుగుదాకా కోసి సందు వదలడం పరిశ్రమలోనూ పాటించే పద్ధతి. మొక్కజొన్న కంకి గింజల్లాంటి పళ్లు ఉండే 1 మి.మీ. రౌటరు బిట్టుతో, 1.6 మి.మీ. మందాన్ని ఒక్కసారిగా కాక 0.4 మి.మీ. చొప్పున నాలుగు విడతలుగా దింపితే ఆ సందు శుభ్రంగా వస్తుంది. తరువాత పాత పళ్లు తోముకునే బ్రష్షుతో గాడులన్నీ తోమి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, ఆరబెట్టి, విడిభాగాలకు టంకం పెట్టాక, మోటారు వైండింగు దుకాణంలో చుట్టలకు పోసే వార్నిష్‌నే పలుచగా రెండు పూతలు వేస్తే, స్టార్టరు పెట్టెలోకి ఎక్కడానికి ముందు ఆ బోర్డుకు మిగిలే పరీక్ష దారికీ దారికీ మధ్య మెగ్గరు పెట్టి ఇన్సులేషను చూడటం ఒక్కటే. రక్షణ భాగాలను విడదీసి ఆ పరీక్ష ఎలా చేయాలో ఆ దుకాణంలో తెలియనివారు ఉండరు.